ఎండిన వాగు, చచ్చిన వెదురు

వేదభాగము: 1 రాజులు 17:1–12

మెక్సికో మొదలుకొని బొలీవియా వరకు గల తేమ నిండిన పర్వతారణ్యములలో హప్లోస్పిజా రస్టికా అను చిన్న పక్షి కలదు. మగది పలకవంటి బూడిదవర్ణము. ఆడుది చారలుగల గోధుమవర్ణము. వెదురు గింజలు దీనికి ప్రియమైన ఆహారము. అయితే అక్కడి వెదురు అనేక సంవత్సరములు పూయదు; పూచినప్పుడు గుంపుగా పూచి, గింజలు రాల్చి, అంతటితో చచ్చును. (మన దేశమందును పెక్కు వెదుళ్లకు ఇదే గతి.) గింజలున్నంతకాలము పక్షులు అక్కడ విస్తారముగా కూడి పాడును. అవి తరిగిన పిమ్మట ఎండిన బొంగులయొద్ద నిలువక వేరొక లోయకు పోవును.

ఏలీయాను కెరీతు వాగునొద్దకు పంపినవాడు దేవుడే. అయినను ఆ వాగు ఎండెను. ప్రవక్త పాపము చేసినందున ఎండెనని లేఖనము చెప్పుటలేదు. వానలేక ఎండెననియే చెప్పుచున్నది. జీతము నిలిచిన యింటివారు, పంట పోయిన రైతు ఈ మాటను మెల్లగా చదువవలెను. దేవుడు నిన్న పోషించిన స్థలము నేడు ఎండుట ఆయన విడిచిపెట్టెననుటకు గురుతు కాదు.

కాకులు ఆహారము తెచ్చిన తావని ఏలీయా అక్కడనే కూర్చుండలేదు. వాక్కు రాగానే లేచి, అన్యుల దేశమైన సీదోనులోని సారెపతునకు నడచెను. గవినియొద్ద అతనికి ఎదురైనది ధనవంతుడు కాదు, పుల్లలు ఏరుకొనుచున్న ఒక విధవరాలు. ఆమె యింటనున్నది చారెడు పిండి, కొద్దిపాటి నూనె.