పెద్దలు వెదికిన సంబంధం

మా చల్లపల్లి సెంటర్లో ఎవరైనా కొత్తవాళ్లు మాట కలిపితే, రెండో మాటకో మూడో మాటకో "ఇంతకీ మీరేమిట్లు?" అని కులం అడిగేస్తారు. ఒకప్పుడు భూమి కోసం జమీందారుకు ఎదురు తిరిగిన నేలా ఇదే. కమ్యూనిస్టు పార్టీని పాతికేళ్లకు పైగా నడిపిన చండ్ర రాజేశ్వరరావు పుట్టిన మంగళాపురం మా పక్కనే. భూమి కోసం అంత తెగించిన మనం పెళ్లి మాట వచ్చేసరికి ఎందుకు జంకుతాం?

జంకనివాళ్లూ ఈ చుట్టుపక్కలే ఉండేవారు. ఉయ్యూరు దగ్గర ముదునూరులో గోరా, సరస్వతి దంపతులు 1940లో నాస్తిక కేంద్రం పెట్టారు. గోరా బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, బందరు హిందూ కళాశాలలో పాఠాలు చెప్పినవారు. అంటరానితనం పోవాలని ఊరూరా చెప్పే మనం మన పిల్లను దళితుల ఇంటికి ఇవ్వాలి కదా అనుకున్నారు. పెద్దకూతురు మనోరమ ఒప్పుకుంది. ఆమె మనసు తెలుసుకోకుండా చేసి ఉంటే ఈ పెళ్లిని నేను మెచ్చుకునేవాణ్ణి కాదు. వరుడు అర్జునరావు. సేవాగ్రాంలో పెళ్లి జరిపిస్తానని గాంధీ మాటిచ్చారు. ప్రమాణంలో దేవుడికి బదులు సత్యం పేరు చెప్పడానికీ సమ్మతించారు. ఆయన హత్య జరిగాక, 1948లో అక్కడే ఆ పెళ్లి అయింది. హిందువుల కులాంతర వివాహాలన్నీ చెల్లుతాయని చట్టం వచ్చింది ఆ మరుసటేడు, 1949లో. తర్వాత 1960లో గోరా దంపతుల అబ్బాయి లవణం, మహాకవి జాషువా కూతురు హేమలతను చేసుకున్నారు.

కులాంతర వివాహమంటే మనకు ఇల్లు విడిచి వెళ్లిపోయిన జంటే గుర్తొస్తుంది. తెగించేది పిల్లలు. పెద్దలు ఏడాదో రెండేళ్లో ముఖం చాటేసి, మనవడు పుట్టాక గడప తొక్కనిస్తారు. దాన్నే మార్పు అనుకుంటున్నాం. ఆ పాటి సర్దుకోలేని పంతం 2018లో మిర్యాలగూడలో, కులాంతర వివాహం చేసుకున్న ప్రణయ్‌ను పట్టపగలు బలి తీసుకుంది. గోరా ఇంట్లో ముందడుగు వేసింది పెద్దలు. అందుకే ఆ పెళ్లి నాకు అంత గొప్పగా కనిపిస్తుంది.

ఇప్పుడు ఫోన్లలో తిరిగే బయోడేటాలు చూడండి. చదువు, జీతం కన్నా పైన కులం, గోత్రం ఉంటాయి. "క్యాస్ట్ నో బార్" అని పెద్ద అక్షరాలతో రాసి, కింద చిన్నగా "ఎస్సీ, ఎస్టీలు మినహా" అని చేర్చేవాళ్లూ ఉన్నారు. ఆ ముక్క చదివినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది.

సంబంధాలు చూస్తున్న తల్లిదండ్రులకు నాదొక విన్నపం. పేరయ్యకిచ్చే కాగితంలో కులం గడి కొట్టేయండి. అబ్బాయి ఎలాంటివాడో, మీ అమ్మాయికి నచ్చాడో లేదో, అది అడగండి. పిల్లలు ఇల్లు దాటి వెళ్లేదాకా ఆగకండి.