కనబడని నొప్పి

కట్టెలమోపు దించి కాలి గాయం చూపిస్తే మనం వెంటనే ఆకుపసరు పోస్తాం. "ఒళ్లంతా నొప్పి, లేవలేకపోతున్నాను" అని మంచం పట్టిన కోడలిని మాత్రం పనిదొంగ అంటాం. గాయం కనబడితేనే నమ్మడం న్యాయమా?

ఫైబ్రోమయాల్జియా అనే జబ్బు ఉంది. నెలల తరబడి ఒళ్లంతా నొప్పి, నిద్రపోయినా తీరని అలసట. చాలామందికి దానితోపాటు మైగ్రేన్ కూడా వస్తుంది. అప్పుడు వెలుతురు, చప్పుడు భరించలేరు. ఫైబ్రోమయాల్జియా రక్తపరీక్షలో గానీ ఎక్స్‌రేలో గానీ కనబడదు. వేరే జబ్బులు లేవని చూసుకుని, రోగి చెప్పేది విని డాక్టర్లు గుర్తిస్తారు. అక్కడ రోగి మాటే ముఖ్య సాక్ష్యం.

సికిల్ సెల్ సంగతి మనకు తెలుసు. మన దేశంలో సికిల్ కణాలను 1952లో నీలగిరి కొండల ఆదివాసుల్లో గుర్తించారు. అంతకుముందు ఎముకల నొప్పితో ఏడ్చిన మన పిల్లలు అబద్ధం ఆడారా? పరీక్ష ఆలస్యంగా వచ్చింది, నొప్పి ముందే ఉంది.

"అందరూ నొప్పులంటే పోడు పని ఎవరు చేస్తారు?" అని పెద్దలు అడుగుతారు. సరైన ప్రశ్నే. కానీ అబద్ధాన్ని నమ్మితే మనకు పోయేది ఒక పూట పని. నిజాన్ని నమ్మకపోతే ఆ మనిషి మనతో చెప్పుకోవడమే మానేస్తుంది. మన మాట బయటివాళ్లు నమ్మరని ఎన్నాళ్లుగానో బాధపడుతున్నాం. మన ఇంటి మనిషి మాటను మనమే నమ్మకపోతే ఎలా?

తలనొప్పని బల్ల మీద తల వాల్చిన పిల్లను లేపి నిలబెట్టే ముందు అడుగుదాం: ఎక్కడమ్మా నొప్పి, ఎన్నాళ్ల నుంచి?