గుమ్మం దగ్గర కంచం



యూనివర్సిటీలో పీజీ చదివే రోజుల్లో నాకు ఆటలమ్మ పోసింది. ఇద్దరుండాల్సిన హాస్టల్ గదిలో నలుగురం ఉండేవాళ్ళం. ఒంటిమీద నీటిపొక్కులు కనపడగానే మిగతా ముగ్గురూ పరుపులు చుట్టుకుని తలా ఓ గదికి వెళ్ళిపోయారు. మెస్ కుర్రాడు అన్నం కంచం గుమ్మం దగ్గర పెట్టి కాలితో లోపలికి నెట్టాడు. వాడిదీ భయమేలెండి. కానీ నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. దొర ఇంటి ముందు ఆమె వంగి దోసిలి పడితే పైనుంచి నీళ్ళు పోసేవాళ్ళు.

మూడో రోజు "ఇంటికెళ్ళిపో" అన్నారు. జ్వరంతోనే ఎర్రబస్సెక్కి ఆరు గంటలు ప్రయాణం చేశాను. పక్క సీట్లో ఒక తల్లి, ఒళ్ళో చంటిబిడ్డ. నాకు జరిగిన అవమానం గురించి చాలా సభల్లో చెప్పాను. ఆ చంటిబిడ్డ గురించి ఒక్క సభలోనూ చెప్పలేదు.

అందుకే ఈ ప్రశ్న. అంటువ్యాధి, అంటరానితనం, రెండు మాటల్లోనూ "అంటు" ఉంది. మరి జబ్బు మనిషిని దూరం పెట్టడం అంటరానితనమేనా? కరోనా కాలంలో "సామాజిక దూరం" అన్న మాట మనవాళ్ళకి ముల్లులా గుచ్చుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2020 మార్చిలోనే "భౌతిక దూరం" అనడం మొదలుపెట్టింది. మాట మారిస్తే సరిపోతుందా?

బుద్ధుడు కారణం వెతకమన్నాడు కదా, వెతుకుదాం. ఆటలమ్మకి కారణం అమ్మవారు కాదు, వైరస్. పొక్కులు లేవడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి, అన్నీ ఎండి చెక్కు కట్టేదాకా ఇతరులకు అంటుకుంటుంది. సోకినవాళ్ళలో సాధారణంగా 10 నుంచి 21 రోజుల్లో బయటపడుతుంది. చెక్కు కట్టాక దూరానికి పని లేదు. అంటే ఈ దూరానికి కారణం ఉంది, గడువుంది. మా నాయనమ్మ దోసిలికి ఏ గడువు పెట్టారు?

ఇంకో సంగతి చూడండి. నా గదిలోవాళ్ళు పారిపోయేసరికే వాళ్ళకీ సోకి ఉండొచ్చు. పరుపులతో పాటు జబ్బుని మూడు గదులకి మోసుకెళ్ళి ఉండొచ్చు. నన్ను బస్సెక్కించినవాళ్ళు క్యాంపస్‌ని కాపాడామనుకున్నారు. జబ్బు తమ కంటికి కనపడకుండా చేశారు, అంతే.

వినయపిటకంలో మహావగ్గం ఉంది. విరేచనాలతో ఒక భిక్షువు తన మలమూత్రాల్లోనే పడి ఉంటాడు. అతనివల్ల తమకేం ఉపయోగం లేదని తోటివాళ్ళు వదిలేశారు. బుద్ధుడు నీళ్ళు పోస్తే ఆనందుడు కడిగాడు. ఇద్దరూ ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత బుద్ధుడు సంఘాన్ని పిలిచి, ఇక్కడ మీకు తల్లీతండ్రీ లేరు, మీరు ఒకరినొకరు చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారని అడిగాడు. గురువు చూడాలి, శిష్యుడు చూడాలి, ఎవరూ లేకపోతే సంఘం చూడాలి. ఇల్లు వదిలి వచ్చినవాళ్ళుండే హాస్టల్‌కి ఇంతకంటే దగ్గరి పోలిక నాకు దొరకలేదు. అక్కడ రోగిని ఊరికి పంపెయ్యమని ఎవరూ అనలేదు.

రోగికీ బాధ్యత ఉందని ఆ గ్రంథమే చెప్తుంది. జబ్బు ఉన్నదున్నట్టు చెప్పాలి. మన పిల్లలు దాస్తున్నారు, నిజమే. చెప్తే హాజరు పోతుంది, ఇంటర్నల్ పరీక్ష పోతుంది. ఇంటికి పంపితే అక్కడ ఉన్నది ఒకే గది, అందులోనే ముసలమ్మ, నిండుగర్భిణి అయిన అక్క. గర్భిణులకి ఈ జబ్బు చాలా ప్రమాదం. దాచినవాడిది తప్పే, నేను కాదనను. కానీ చెప్పినవాడికి శిక్ష వేసే చోట నిజం చెప్పమని అడిగే హక్కు ఎవరికుంది?

కావాల్సింది పెద్దదేం కాదు. కిటికీ, బాత్‌రూమ్ ఉన్న ఒక గది. గెస్ట్‌హౌస్‌లో ఎన్ని ఖాళీగా ఉంటాయో అందరికీ తెలుసు. పోయిన రోజులకి హాజరు. కంచం చేతికందించడానికి, ఇదివరకే ఆటలమ్మ వచ్చి తగ్గినవాళ్ళు. వాళ్ళకి మళ్ళీ రావడం అరుదు. రెండు డోసుల టీకా కూడా ఉంది. కేంద్రం ఉచితంగా ఇచ్చే జాతీయ టీకాల జాబితాలో అది లేదు కాబట్టి కొనగలిగినవాళ్ళకే అందుతోంది. దీని మీద మన విద్యార్థి సంఘాలు ఒక్క వినతిపత్రమైనా ఇవ్వాలి.

ఈ ఏడు మీ అమ్మాయినో అబ్బాయినో హాస్టల్లో చేర్చడానికి వెళ్తారు కదా. ఫీజు రసీదు చేతిలో పడ్డాక వెంటనే వచ్చెయ్యకండి. జబ్బు చేస్తే పిల్లల్ని ఉంచే గది ఏదో చూపించమనండి. దాని తాళంచెవి రాత్రిపూట ఎవరి దగ్గరుంటుందో కూడా అడగండి.