మానేసిన పనుల లెక్క

పుదుచ్చేరి లాస్‌పేటలో విమానాశ్రయం దగ్గర ఒక వీధి. ఆ వీధిలో ఒక మేడ. ఆ మేడకు యానాం నుంచి వచ్చిన పెద్దకోడలు. ధనుర్మాసం వచ్చిందంటే వీధి మొత్తానికి ఆమె ముగ్గుదే పైచేయి. ఇరవయ్యొక్క చుక్కలతో మొదలుపెట్టి పక్కింటి గేటు దాకా పాకించేది. తమిళ ఇల్లాళ్ళు తమ కోలాలు ముగించుకుని వచ్చి, ఆమె వేస్తుంటే నిలబడి చూసేవారు.

ఒక ఏడాది ఆ చుక్కలు పదిహేనుకు దిగాయి. "చలిగా ఉంది అత్తయ్యా" అంది. మరుసటేడు తొమ్మిదయ్యాయి. పుదుచ్చేరిలో అంత చలెక్కడిదని ఎవరూ అడగలేదు.

తర్వాత మేడ మీద బట్టలారేసే పని తోడికోడలి చేతికి వెళ్ళింది. సాయంత్రం మైదానం చుట్టూ తిరిగే నడక వీధి చివరి గుడితో ఆగింది, ఆ తర్వాత గేటు దగ్గరే ఆగింది. పిల్లను ఎత్తుకోవడం మానేసింది, ఆరేళ్ళదానికి చంకేమిటంది. కూరల సంచీ మొగుడు మోసుకొస్తున్నాడు. ప్రతిదానికీ ఒక సబబైన కారణం ఉంది. అన్నీ కలిపి చూసినవాళ్ళే లేరు.

అత్తగారు బద్ధకమంది. మరిది, వదినకు ఒళ్ళొచ్చింది, నడవాలన్నాడు. భర్త మాత్రం మంచివాడు. పాపం అలసిపోతోందని, ఆమె వదిలేసిన పనులు ఒక్కొక్కటే తన నెత్తిన వేసుకున్నాడు. బద్ధకమన్న అత్తగారికన్నా ఆ మంచితనమే జబ్బును ఎక్కువ కాలం దాచిపెట్టింది.

రాత్రిళ్ళు తల కింద దిండ్లు రెండయ్యాయి, మూడయ్యాయి. దగ్గుకు మందుల షాపు సిరప్పు, గుండె దడకు గ్యాస్ బిళ్ళ. వీధి మొదట్లో ఉచిత వైద్యశిబిరం పెట్టినప్పుడు వెళ్ళింది.

"ఆయాసం వస్తోందా అమ్మా?"

"లేదండి."

అబద్ధం కాదు. ఆయాసం తెప్పించే పని ఏదీ ఆమె చేయడం లేదు. బాగానే ఉన్నావని పంపించేశారు.

నాలుగేళ్ళ తర్వాత యానాం నుంచి తల్లి వచ్చింది. వచ్చిన సాయంత్రమే "మేడెక్కుదాం రావే, కాస్త సముద్రపు గాలి తగులుతుంది" అంది.

"నువ్వెళ్ళమ్మా, పొయ్యి మీద కుక్కరుంది."

తల్లి వెళ్ళి స్టవ్ కట్టేసి వచ్చింది. ఆరో మెట్టు మీద కూతురు ఆగి, గోడకున్న క్యాలెండర్ చూస్తున్నట్టు నిలబడింది. పదో మెట్టు మీద కూర్చుండిపోయింది. నాలుగేళ్ళు రోజూ చూసినవాళ్ళకు కనబడనిది, నాలుగేళ్ళు చూడని మనిషికి పది మెట్లలో కనబడింది.

మర్నాడు పెద్దాసుపత్రిలో డాక్టరు ఏం బాధ అని అడగలేదు. "రెండేళ్ళ కిందట చేస్తూ, ఇప్పుడు మానేసిన పనులేమిటి?" అన్నాడు. కూతురు ఏమీ లేవంది. తల్లి వేళ్ళు ముడుస్తూ మొదలుపెట్టింది. రెండో చెయ్యి కూడా కావలసి వచ్చింది. డాక్టరు ఆమెను ఎడమ పక్కకు తిరిగి పడుకోమని, స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. తర్వాత తల్లివైపు తిరిగాడు.

"చిన్నప్పుడు కీళ్ళు వాచి జ్వరం వచ్చిందా?"

"పదో ఏట వచ్చింది బాబూ. ముందు మోకాలు వాచింది. అది తగ్గి చీలమండకు మారింది. నూనె రాశాను, తగ్గిపోయింది."

"తగ్గలేదమ్మా, లోపలికి వెళ్ళింది."

గుండెలో మైట్రల్ వాల్వు సన్నబడిపోయిందని ఎకో చెప్పింది. తొడ దగ్గరి రక్తనాళంలోంచి బెలూన్ పంపి దాన్ని విప్పారు. మూడో రోజు ఇంటికి పంపించారు. గుమ్మంలో దిష్టి తీస్తూ అత్తగారు అన్న మొదటి మాట, "ఇక బట్టలు నువ్వే ఆరేస్తావుగా?"

నీతి: మనిషి ఆయాసాన్ని కొలుచుకోడు, ఆయాసం రాకుండా బతుకును కుదించుకుంటాడు. అందుకే రోగిని ఏం బాధ అని అడిగే ముందు ఏం మానేశావని అడగాలి.

కథ కల్పితమే, జబ్బు కాదు. మన దేశంలో మైట్రల్ వాల్వు ఇరుకుకు ప్రధాన కారణం చిన్ననాటి రుమాటిక్ జ్వరం. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి గొంతులో చేరుతుంది. దాన్ని తరమడానికి ఒంట్లో పుట్టిన రక్షణ బలగం కొందరిలో దారి తప్పి కీళ్ళ మీదా, గుండె వాల్వుల మీదా పడుతుంది. ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ళ లోపు పిల్లలకు వస్తుంది. కీళ్ళు బాగుపడతాయి. వాల్వు రెక్కల అంచులు మాత్రం ఏళ్ళ తరబడి మెల్లగా అతుక్కుపోతాయి. 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉండాల్సిన ద్వారం 1.5కు దిగితే వైద్యులు తీవ్రమైన ఇరుకంటారు.

కూర్చున్నప్పుడు ఏమీ తెలియకపోవడానికి కారణముంది. ఈ వాల్వు గుండె సడలినప్పుడే తెరుచుకుంటుంది. మెట్లెక్కితే గుండె వేగం పెరుగుతుంది, ముందుగా తరిగేది ఆ సడలే సమయమే. కిందికి దిగాల్సిన రక్తం గుండె పై గదిలో నిలిచిపోయి, వెనక ఊపిరితిత్తుల మీద ఒత్తిడి తెస్తుంది. పడుకుంటే కాళ్ళలోని రక్తం కూడా ఛాతీలోకి చేరుతుంది, దిండ్లు పెరిగేది అందుకే. కడుపుతో ఉన్న స్త్రీలో రక్తం దాదాపు సగం పెరుగుతుంది కాబట్టి, చాలామందిలో ఈ జబ్బు మొదటిసారి బయటపడేది అప్పుడే. మన ఇళ్ళలో ఆ ఆయాసాన్నీ "కడుపుతో ఉంటే మామూలే" అనేస్తారు. ఆడదాని అలసటకు మామూలు కానిదంటూ ఏదైనా ఉంటుందా అని నాకు అనుమానం.

గుండె చప్పుడు వినడానికి 1816లో పారిస్‌లో లెనెక్ అనే వైద్యుడు కాగితాన్ని గొట్టంలా చుట్టి ఒక యువతి ఛాతీ మీద ఆనించాడు. స్టెతస్కోపు అలా పుట్టింది. ఏడేళ్ళకు, 1823లో, ఫ్రెంచివాళ్ళు పుదుచ్చేరిలో వైద్య పాఠశాల తెరిచారు. లాస్‌పేట పక్కనే గోరిమేడులో ఉన్న జిప్మర్ వైద్య సంస్థకు మూలం అదే. వినే సాధనం అంత పాతదే, విప్పే ధైర్యం మాత్రం ఆలస్యంగా వచ్చింది. 1925లో లండన్‌లో సౌటర్ అనే సర్జన్ ఒక అమ్మాయి గుండెలోకి వేలు పెట్టి వాల్వును వదులు చేశాడు, ఆమె బతికింది. అయినా ఆయన దగ్గరికి మరో రోగిని ఎవరూ పంపలేదు. తప్పంతా గుండె కండరానిది, వాల్వుది కాదని అప్పటి వైద్యుల నమ్మకం. ఆ పని మళ్ళీ మొదలవడానికి 1948 దాకా ఆగాల్సి వచ్చింది. ఛాతీ కోయకుండా బెలూన్‌తో విప్పడం 1982లో జపాన్‌లో ఇనోవే అనే వైద్యుడు మొదలుపెట్టాడు. అతుకులు విడిపోతే ద్వారం ఇంచుమించు రెట్టింపవుతుంది.

గుండె వేగం తగ్గించే బిళ్ళలు, నీరు తీసే బిళ్ళలు ఊపిరి తేలిక చేస్తాయి గానీ వాల్వును వెడల్పు చేయవు. పై గదిలో రక్తం గడ్డ ఉన్నా, వాల్వు బాగా లీకవుతున్నా, సున్నం పట్టి బిగుసుకుపోయినా బెలూన్ పనికిరాదు, చాలామందికి వాల్వు మార్చాల్సి వస్తుంది. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో డాక్టర్ వలియత్తాన్ బృందం తయారుచేసిన వాల్వును 1990 డిసెంబరులో తొలిసారి రోగికి అమర్చారు. విదేశీ వాల్వు ధర భరించలేనివాళ్ళకు అదొక దారైంది. లోహపు వాల్వు పెట్టించుకుంటే రక్తం పలచబడే మందు జీవితాంతం వాడాలి.

పెద్దవయసులో ఇంకొక వాల్వు, అయోర్టిక్, సున్నం పట్టి సన్నబడుతుంది. అక్కడా ఇదే తంతు. తాతగారు పెరట్లోకి వెళ్ళడం మానేస్తారు, వయసు కదా అంటాం. ఆయనకు ఛాతీ నొప్పో, ఆయాసమో, నడుస్తూ కళ్ళు తిరిగి పడటమో మొదలయ్యాక మాత్రం ఆగే వ్యవధి లేదు. ఛాతీ తెరవకుండా తొడ రక్తనాళంలోంచి కొత్త వాల్వు పంపే పద్ధతిని 2002లో ఫ్రాన్స్‌లోని రూఆన్‌లో క్రిబియే అనే వైద్యుడు చేసి చూపించాడు.

మళ్ళీ మైట్రల్ దగ్గరికి వస్తే, బెలూన్‌తో పని ముగిసిందనుకోకూడదు. కొన్నేళ్ళకు అంచులు మళ్ళీ అతుక్కోవచ్చు కాబట్టి డాక్టరు చెప్పిన గడువుకు ఎకో తీయించుకోవాలి. ఇక పదేళ్ళ పిల్లకు గొంతునొప్పి తగ్గాక మోకాలు వాచి, అక్కడ తగ్గి చీలమండకు మారిందంటే నూనె సీసా పక్కన పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. రుమాటిక్ జ్వరమని తేలితే మూడు, నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజక్షన్, అదీ ఏళ్ళ తరబడి వేయించాలి. ఆ సూది గట్టిగానే నొప్పి పెడుతుంది. పిల్ల ఏడుస్తుంది. ఆటలాడుతోంది కదా, ఇంకా ఎందుకని రెండో ఏటే మానిపించే తల్లిదండ్రులు చాలామంది.