యంత్రం చెప్పే సాక్ష్యం

“యంత్రం అబద్ధం చెప్పదు” అనే మాట ఈ మధ్య చదువుకున్నవారి నోట తరచు వినబడుతోంది. పూర్వం “పైన దేవుడు చూస్తున్నాడు” అనేవారు. ఈ రెండు మాటలకూ మనం అనుకునేంత తేడా లేదు. దేవుడు చూసినా, తీర్పు చెప్పింది మాత్రం పూజారి. యంత్రం చూసినదాన్ని మనకు చదివి చెప్పేవాడెవడు, ఎవరి తరఫున చదువుతాడు అన్నది విచారించవలసిన విషయం. నాకీ ప్రశ్న పుస్తకాలలో ఎదురుపడలేదు. ఒక నివేదిక మీద నేను చేసిన సంతకంతో ఎదురయింది.

నేను పాఠాలు చెప్పిన ఒక కళాశాలలో ఆరుగురు విద్యార్థుల ఇంటర్నల్ మార్కులు కంప్యూటర్‌లో మారిపోయినట్టు తేలింది. విచారణకు ముగ్గురితో కమిటీ వేశారు. నేనొకణ్ణి. కంప్యూటర్ బాగుచేసే కుర్రవాడొకడు వచ్చి, విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సెక్యూరిటీ లాగ్ చూపించాడు. 4624 అనే సంఖ్య ఉన్నచోట ఎవరో విజయవంతంగా లాగిన్ అయినట్టు, 4625 ఉన్నచోట పాస్‌వర్డ్ తప్పి వెనక్కు పోయినట్టు అర్థం. మార్కులు మారిన సాయంత్రం 6 గంటల 12 నిమిషాలకు 4624 ఉంది. దాని పక్కన కాంట్రాక్టు మీద పనిచేసే ఆపరేటరమ్మాయి పేరుంది. “ఇంకేం కావాలి?” అన్నారు కమిటీ పెద్ద. నాకూ ఇంకేం కావాలో తోచలేదు. సంతకం పెట్టాను.

ఆ అమ్మాయి ఒకటే అన్నది: “సార్, ఆ పాస్‌వర్డ్ గోడమీద క్యాలెండర్ వెనక రాసి ఉంటుంది. మీకు తెలుసు కదా!”

తెలుసు. తెలియకపోవడమేమిటి, అంతకుముందు నెలలో రెండు సాయంత్రాలు నేనే ఆ కుర్చీలో కూర్చుని, ఆమె పేరుతోనే నా తరగతి మార్కులు ఎక్కించాను. అధ్యాపకులకు విడి ఖాతాలు తెరవడం అనవసరపు శ్రమ అనుకున్నది యాజమాన్యం. మాకూ అది సౌకర్యంగానే ఉండేది. అంటే, ఆ లాగ్‌లో నేను కూర్చున్న గంటలు కూడా ఆమె గంటలుగానే నమోదయి ఉండాలి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు వెళ్ళి నా సంతకం వెనక్కు తీసుకుంటున్నానని రాసి ఇచ్చాను. “మీరు చేసింది సాయం మాస్టారూ, ఇది నేరం. రెండూ ఒకటెలా అవుతాయి?” అన్నారు. మార్కులు మార్చిందెవరో నాకు ఈనాటికీ తెలియదు. ఆమె కాంట్రాక్టు మాత్రం పొడిగించలేదు.

ఇంతకూ ఆ లాగ్ ఏం చెప్పింది? ఫలానా పేరు, దానికి తగిన పాస్‌వర్డ్, ఫలానా సమయంలో యంత్రానికి అందాయని చెప్పింది. ఆ లాగిన్‌కు 2 అనే రకం వేసింది. అంటే యంత్రం ముందు కూర్చుని చేసినదన్నమాట. దూరం నుంచి రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా చేస్తే 10 అని, తాళం పడిన తెరను తిరిగి తెరిస్తే 7 అని వేస్తుంది. యంత్రం ముందు కూర్చున్నది ఎవరో చెప్పే సంఖ్య అందులో లేదు. సమయమైనా యంత్రంలోని గడియారం చెప్పినదే. లోపలి బ్యాటరీ అయిపోతే ఆ గడియారం ఎక్కడెక్కడికో వెనక్కు పోతుంది. లాగ్‌కు ఇంత అని ఒక పరిమాణం ఉంటుంది. మామూలుగా 20 మెగాబైట్లు. అది నిండితే కొత్తది పాతదాన్ని చెరుపుతుంది. నా రెండు సాయంత్రాలు అలా చెరిగిపోయాయి. ఎవరైనా కావాలని లాగ్‌ను తుడిచేస్తే 1102 అనే గుర్తు మిగులుతుంది గాని, తుడిచినదేమిటో మిగలదు.

ఇవేవీ యంత్రపు లోపాలు కావు. యంత్రం తనకు తెలిసినంతే చెప్పింది. ఖాతాను మనిషిగా మార్చింది మేము. పేరుకూ మనిషికీ మధ్యనున్న దూరాన్ని విచారణతో దాటాలి. మేము నమ్మకంతో దాటాము. పైగా ఆ నమ్మకం ఎవరి విషయంలోనైనా ఒకే రకంగా పనిచేసేది కాదు. అదే లాగ్‌లో ప్రిన్సిపాల్ పేరు కనబడి ఉంటే, “ఆయన పాస్‌వర్డ్ ఎవరో వాడి ఉంటారు” అని మొదట అనేవాళ్ళం మేమే.

దీన్ని ఒక చిన్న కళాశాల మూఢత్వమని తోసిపుచ్చేవారు బ్రిటన్ పోస్టాఫీసు చరిత్ర చూడాలి. అక్కడ 1999 నుంచి శాఖా తపాలా కార్యాలయాలలో ఫుజిట్సు సంస్థ నడిపే హొరైజన్ అనే లెక్కల వ్యవస్థ పెట్టారు. ఆ లెక్కల్లో సొమ్ము తక్కువ పడిందని 1999కీ 2015కీ మధ్య 900 మందికి పైగా సబ్‌పోస్ట్‌మాస్టర్లకు దొంగతనం, తప్పుడు లెక్కలు వంటి నేరాల కింద శిక్షలు పడ్డాయి. వారిలో చాలామందిపై కేసులు నడిపింది పోస్టాఫీసే. సీమా మిశ్రా అనే భారత సంతతి స్త్రీని 2010లో గర్భవతిగా ఉండగా జైలుకు పంపారు. శాఖలోని లెక్కను శాఖవారు తప్ప మరొకరు తాకలేరని పోస్టాఫీసు ఏళ్ళ తరబడి వాదించింది. 555 మంది కలిసి వేసిన దావాలో 2019 డిసెంబరులో న్యాయమూర్తి ఫ్రేజర్ ఇచ్చిన తీర్పు ఆ వాదాన్ని పడగొట్టింది. ఫుజిట్సు ఉద్యోగులు దూరం నుంచి శాఖల లెక్కల్లో పద్దులు చేర్చగలిగారు. అలా చేర్చినవి శాఖలోని మనిషే చేసినట్టు కనబడే వీలుంది. 2021 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు 39 మంది శిక్షలు రద్దు చేసింది. సీమా మిశ్రా శిక్ష వాటిలో ఒకటి. మిగిలినవారిలో అత్యధికుల శిక్షల రద్దుకు 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది.

ఇందులో గమనించవలసిన సంగతి మరొకటుంది. కంప్యూటర్ సరిగా పనిచేస్తున్నదని దాని సాక్ష్యాన్ని తెచ్చినవారే చూపాలని ఇంగ్లండులో 1984 నాటి చట్టం అడిగేది. 1999లో చేసిన చట్టం ఆ నిబంధనను తీసేసింది. తరువాత, యంత్రం సరిగానే ఉందని ముందుగా అనుకోవడం, కాదని చూపే భారం ముద్దాయి మీద మోపడం మామూలయింది. యంత్రమూ, దాని కాగితాలూ, నిపుణులూ ఒక పక్షం చేతుల్లో ఉండగా, చిన్న దుకాణం నడుపుకునే మనిషి దాన్నెలా చూపగలడు? ఆస్తి సంబంధాలు సాక్ష్యపు సూత్రాలలోకి ప్రవేశించే తీరు ఇది. చట్టం ముందు ఇద్దరూ సమానులే, లాగ్ ముందు కారు.

అయితే ఈ రికార్డులన్నీ పాలకుల పనిముట్లనీ, వాటిని నమ్మరాదనీ అనవచ్చునా? మన మిత్రులలో కొందరు ఆ మాట అంటారు. నేను ఒప్పుకోను. అది మొదటి మూఢవిశ్వాసాన్ని తలకిందులు చేయడమే. సబ్‌పోస్ట్‌మాస్టర్లను రక్షించినదేమిటి? వారి పోరాటమూ, దానితోపాటు రికార్డులూ. ఫుజిట్సువారు తమ వ్యవస్థలో తెలిసిన లోపాలను వరసగా రాసి పెట్టుకున్న జాబితా ఉంది. దాన్ని బయటపెట్టడానికి పోస్టాఫీసు తొలుత ఇష్టపడలేదు. బయటపడ్డాక అదే బాధితుల పక్షాన సాక్ష్యం చెప్పింది. లోపల పనిచేసిన ఉద్యోగి ఒకాయన ముందుకు వచ్చి చెప్పిన మాట దానికి తోడయింది. యంత్రమూ మారలేదు, రికార్డూ మారలేదు. దాన్ని ఎవరు అడగగలిగారన్నది మారింది.

మన దేశంలో 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్, ఎలక్ట్రానిక్ రికార్డుతోపాటు ధ్రువపత్రం అడుగుతుంది. యంత్రం బాధ్యుడూ నిపుణుడూ సంతకం చేయాలి. రికార్డు తరువాత మారలేదని చూపే హాష్ విలువ రాయాలి. ఇది మంచిదే. కాని అది ధ్రువపరిచేది కాగితాన్ని, కుర్చీలో మనిషిని కాదు. పైగా కోర్టు దాకా పోయినప్పుడు కదా ఆ పత్రం సంగతి! కాంట్రాక్టు ఉద్యోగిని తీసేయడానికి ఏ ధ్రువపత్రమూ అక్కరలేదు. మా కమిటీకి అక్కర్లేకపోయింది.

కనుక నైతిక ప్రశ్న “యంత్రం నిజం చెబుతుందా?” అన్నది కాదు. ఒకరి మీద నేరం మోపే రికార్డును వారు స్వయంగా చూడగలరా, తమ తరఫు మనిషిచేత చూపించుకోగలరా? రికార్డును కాపాడేవారి రాకపోకలకు కూడా రికార్డు ఉన్నదా? ఒకే తాళంచెవిని పదిమంది చేతుల్లో పెట్టిన యాజమాన్యం, దొంగతనం జరిగినప్పుడు తాళంచెవి ఎవరి పేరున ఉందని అడగడం న్యాయమా? ఈ మూడింటికీ జవాబు రానంతవరకు లాగిన్ చరిత్ర విచారణకు ఆరంభమే గాని ముగింపు కాదు.

ఇదంతా తెలిసిన తరువాత రాయడం తేలిక. ఆనాడు కమిటీ గదిలో నేను ఒక్క మాట అనవలసింది: “ఈ పేరుతో నేనూ కూర్చున్నాను.” మర్నాడు అన్నాను. ఆ ఒక్క రోజులోనే మొదటి నివేదిక యాజమాన్యం బల్ల మీదికి చేరింది. యంత్రానికి తెలియని ఆ సంగతి తెలిసిన సాక్షిని ఆ గదిలో నేనే. యంత్రం మాట్లాడుతున్నది కదా అని నేను ఊరుకున్నాను.