ముయ్యలికుట్టున వామనమూర్తి

మూడు గ్రామముల పొలిమేరలు వచ్చి కలియు చోటిని మన ప్రాచీన శాసనములు ‘ముయ్యలికుట్టు’ అని వ్యవహరించినవి. కన్నడ శాసనములలో దీనికే ‘ముగ్గుడ్డె’ యని పేరు. రాజు దేవాలయమునకో, శ్రోత్రియునకో ఒక గ్రామమును ధారపోసినపుడు, తూర్పున నారంభించి ప్రదక్షిణముగా ఎల్లలను పేర్కొనుచు వచ్చుట అనేక తామ్రశాసనములలో కాననగును. పుట్ట, చింతచెట్టు, చెరువుగట్టు, వాగు, వీని నడుమ ముయ్యలికుట్టు. రెండూళ్ల నడిమి రాతిని జరిపినవాడు ఒక పొరుగూరికే ద్రోహి. ఈ రాతిని జరిపినవాడు ఒక్క పెట్టున రెండూళ్లకు ద్రోహి.

మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయము ఈ విషయమున చూపిన శ్రద్ధ ఆశ్చర్యకరము. ఎల్లతగవును జ్యేష్ఠమాసమున తీర్చవలెనట. ఎండకు గడ్డి మాడి గుర్తులు బయటపడును గదా! మర్రి, రావి, మోదుగ, బూరుగ మున్నగు వృక్షములను పొలిమేరల నాటవలెను. చెట్టు కూలవచ్చును గనుక నేలలోపల రాళ్లు, ఎముకలు, ఊక, బూడిద, పెంకులు, ఇసుక గుప్తముగా పూడ్చియుంచవలెను. సాక్షులు ఎఱ్ఱని వస్త్రములు కట్టి, పూలమాలలు దాల్చి, తలపై మన్ను పెట్టుకొని సత్యము పలుకవలెను. తగిన సాక్షులు దొరకనిచో వేటకాండ్రను, పశులకాపరులను, జాలరులను, దుంపలు త్రవ్వుకొనువారిని అడుగుమన్నాడు. చదువు లేదని వారిని త్రోసివేయలేదు. ఆ నేలను నిత్యము త్రొక్కువాని మాటయే అచట ప్రమాణము.

విజయనగర కాలమున దానభూముల ఎల్లలందు వామనముద్ర గల శిలలు నాటించెడివారు. గొడుగు, కమండలువు పట్టిన పొట్టి వటువు ఆ రాతిపై నిలిచియుండును. తమిళదేశమున వైష్ణవాలయముల మాన్యములకు చక్రాంకితమైన ‘తిరువాళిక్కల్’ నాటుట ఆచారము. మూడడుగులతో లోకముల హద్దులన్నియు దాటిన స్వామి, ఒక పేద బ్రాహ్మణుని మడిగట్టుకు హద్దుగా నిలుచుట యేమి! బలిచక్రవర్తి వాకిట కావలి కాచినవానికి ఇది క్రొత్త పని కాదు.

మనువు ఎల్లగుర్తుకు వాడిన పదము ‘సేతువు’. ఛాందోగ్యోపనిషత్తు పరమాత్మనే సేతువనినది. లోకములు కలగాపులగము గాకుండ నిలుపు కట్ట యని భావము. సేతువు దాటదగినది గనుక దాని కావల మరియొక వస్తువుండవలెనని పూర్వపక్షము. శ్రీభాష్యమున భగవద్రామానుజులు దీనిని నిరాకరించిరి. చేతనాచేతనములనన్నిటిని ఒకదానితో నొకటి కలిసిపోనీయక తనయందు బంధించి యుంచును గనుకనే ఆయన సేతువు. ఆయనకు మించిన దేదియు లేదు. దానశాసనముల చివర శ్రీరామచంద్రుడు రాబోవు రాజులను మరల మరల యాచించినట్లుగా చెప్పు శ్లోకమునందును, కాపాడుమని కోరబడినది ధర్మసేతువే.

ఇట్టి శిలలకు నేడు రెండు విధముల ముప్పు. నాగలికి తగిలినదని పెకలించి పారవేయువారు కొందరు. భక్తితోనే గుడి అరుగు మీదికి చేర్చువారు కొందరు. రెంటను ఫలమొక్కటే, చోటు తప్పిన ఎల్లరాయి సాక్ష్యము చెప్పజాలదు. పొలమున వామనమూర్తి కనబడినచో కదలింపక, రంగులు పూసి అక్షరములు చెరుపక, దేవస్థానమువారికో పురావస్తుశాఖవారికో తెలుపవలెను. వారు వచ్చిననాడు చోటు చూపుటకు ఊరి పశులకాపరిని వెంట పంపవలెను.