వెలుతురు తగ్గిస్తే కనిపించేవి

మూత్రంలో హయలిన్ కాస్ట్ అనేదొకటి కనిపిస్తుంటుంది. కిడ్నీలోని సన్నని గొట్టాల్లో ఒక ప్రొటీన్ గడ్డకట్టి, గొట్టం ఆకారంలోనే జారి బయటపడ్డ ముక్క అది. దానికి రంగు లేదు. వెలుతురును వంచే గుణం దానికీ చుట్టూ ఉన్న ద్రవానికీ దాదాపు ఒకటే. అందుకే మైక్రోస్కోప్‌లో వెలుతురు దారి పూర్తిగా తెరిచి చూస్తే ఫీల్డంతా, అంటే కంటికి కనిపించే గుండ్రమంతా, తెల్లగా, ఖాళీగా కనిపిస్తుంది. గ్లాసులో కొబ్బరినీళ్లలో తేలే లేత కొబ్బరి పొరా ఇంతే. ఎండకెదురుగా పట్టుకుంటే కనబడదు, నీడలోకి తెచ్చి కాస్త వంచితే దాని అంచు తెలుస్తుంది.

కొబ్బరి, జీడి తోటల ఉద్దానంలో ఈ ఖాళీ ఫీల్డుకు బరువెక్కువ. శ్రీకాకుళం జిల్లా ఉత్తర కొసన కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కారణం తేలని కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా మనుషుల్ని తింటోంది. దీనికోసం పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. ఈ జబ్బు ముఖ్యంగా గొట్టాలనూ వాటి మధ్య కణజాలాన్నీ దెబ్బతీస్తుంది. కాబట్టి మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, కాస్ట్‌లూ రక్తకణాలూ అంతగా దొరకవు. రక్తంలో క్రియాటినిన్ పెరిగాక గానీ చాలామందికి సంగతి తెలియదు. అలాంటి చోట మూత్రం రిపోర్టులో కాస్ట్‌లు ‘నిల్’ అన్న మాట నిజమే కావచ్చు, వెలుతురు దారి ఎక్కువ తెరవడం వల్ల పుట్టినదీ కావచ్చు. ‘ఉంది’ అన్నదానికి కనిపించిన వస్తువే సాక్ష్యం. ‘లేదు’ అన్నదానికి వెతికిన తీరు తప్ప సాక్ష్యం లేదు.

తీరు అంటే మొదట డయాఫ్రమ్, అంటే వెలుతురు దారిని తెరిచి మూసే తెర. దీపం తగ్గించడమూ డయాఫ్రమ్ మూయడమూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. దీపం తగ్గిస్తే ఫీల్డ్ మసకబారుతుంది, అంతే. ఖాళీ ఖాళీగానే ఉంటుంది. స్టేజి కింద కండెన్సర్‌లో ఉన్న డయాఫ్రమ్‌ను మూస్తే స్లైడ్ మీద పడే వెలుతురు సన్నబడుతుంది, పారదర్శకమైన వస్తువుల అంచులకు నల్లగీత వస్తుంది. ఐపీస్ తీసి గొట్టంలోకి చూస్తే ఆబ్జెక్టివ్ వెనక గుండ్రటి వెలుతురు కనిపిస్తుంది. మామూలు పనికి ఆ గుండ్రంలో మూడింట రెండొంతులు నిండితే చాలు. రంగు వేయని మూత్రానికి ఇంకాస్త మూయాలి, కండెన్సర్‌ను కొంచెం దించాలి. దీనికి మూల్యం ఉంది. ఎంత మూస్తే అంత వివరం పోతుంది, ప్రతి వస్తువు చుట్టూ వలయాలు లేస్తాయి, దుమ్ము రేణువు కూడా కణంలా వేషం కడుతుంది.

అదే బల్ల మీద మరో గంటకు మలేరియా స్లైడ్ వస్తే అంతా తలకిందులు. ఏజెన్సీ ఊళ్ల నుంచి వచ్చే ఆ స్లైడ్‌కు జేఎస్‌బీ రంగు వేసి, నూనె చుక్క పెట్టి 100 ఎక్స్‌లో చూస్తారు. అక్కడ కాంట్రాస్ట్ రంగులోనే ఉంది. కండెన్సర్ పైకెత్తాలి, డయాఫ్రమ్ బాగా తెరవాలి. మలేరియా చూసి మూత్రానికి వచ్చిన చెయ్యి డయాఫ్రమ్‌ను మూయడం మరచిపోవడం ల్యాబుల్లో అతి మామూలు పొరపాటు. పైగా సముద్రపు గాలి ఊళ్లలో లెన్సుకు బూజు పడుతుంది. బూజు పట్టిన లెన్సు దగ్గర ఏ మీటా సాయపడదు.

రంగు లేనివాటి కోసం డచ్చి శాస్త్రవేత్త ఫ్రిట్స్ జెర్నికే 1930లలో ఫేజ్ కాంట్రాస్ట్ పద్ధతి కనిపెట్టారు. 1953లో దానికే ఆయనకు నోబెల్ వచ్చింది. అది లేని ల్యాబులో పని నడిపించేది ఓపికే. ముందుగా ఒక ఎపిథీలియల్ కణం పట్టుకోవాలి. వెడల్పుగా, పలచగా, అంచు మడతపడి ఉంటుంది. దాని పలచటి అంచు, నడుమ ఉన్న చుక్క రెండూ తేటగా కనిపించేదాకా డయాఫ్రమ్ సర్దాలి. ఆ వెలుతురులోనే, 10 ఎక్స్‌లో, కవర్ స్లిప్ అంచుల వెంట తిరగాలి. కాస్ట్‌లు అక్కడికే చేరతాయి. ఫోకస్ మీట మీద వేలు ఆడుతూనే ఉండాలి.

ఇదంతా తాజా మూత్రానికే. ఊళ్లో క్యాంపు పెట్టి సేకరించిన సీసాలు ల్యాబుకు చేరేసరికి రెండు గంటలు దాటితే, నీరెక్కువగా, క్షారంగా ఉన్న మూత్రంలో కాస్ట్‌లు కరిగిపోతాయి. అప్పుడు డయాఫ్రమ్ ఎంత మూసినా కనిపించడానికి అక్కడ ఏమీ ఉండదు.